‘క్షయము’ అను మాటను గూర్చి

గడచిన సంవత్సరము వర్షాకాలమున మా తొమ్మిదవ తరగతిలో నొక చిన్న సంగతి జరిగెను. అది భూగోళశాస్త్రపు గంట. నీరును గాలియు నేలను కొద్దికొద్దిగా నొరసికొని పోవుటకు ‘క్రమక్షయము’ అని పేరని ఉపాధ్యాయుడు నల్లబల్లమీద వ్రాసెను. వెనుకవరుసనుండి యొక పిల్లవాడు లేచి, “సార్, మా నాయినకు వచ్చిన క్షయ గూడ ఇదేనా?” అని యడిగెను. ఎవ్వరును నవ్వలేదు. వాని బల్లమీద గూర్చున్న ఇద్దఱు పిల్లలు మాత్రము మెల్లమెల్లగా నావలికి జరిగిరి. పిల్లవాడు దానిని జూచి కూర్చుండెను. మఱునాటినుండి నాలుగు దినములు బడికి రాలేదు. ఇంటినుండి వచ్చిన సెలవుచీటిలో ‘జ్వరము’ అని యుండెను.

ప్రశ్న మంచి ప్రశ్న. వాడడిగినది వైద్యమును గూర్చియు గాదు, ఱాళ్లను గూర్చియు గాదు. ఒక మాటను గూర్చి. కావున భూగోళోపాధ్యాయుడు దానిని తెలుగు చెప్పు మాకు వప్పగించెను. పిల్లవాడు తిరిగి వచ్చిన పిదప మేము తరగతిలో నోటితో జెప్పిన జవాబునే కొంత విరివి చేసి యీ సంచికకు వ్రాయుచున్నాము. దీనిని తల్లిదండ్రులును జదువవలెనని మా కోరిక.

చెడిపోవుటను జెప్పుటకు మన తెలుగునకు మాటల కఱవు లేదు. అన్నము పాచును, పండు కుళ్లును, గ్రుడ్డు మురుగును, గింజ పుచ్చును, బియ్యము ముక్కును, కఱ్ఱ చివుకును, ఇనుము తుప్పుపట్టును, గోడ పెచ్చులూడును, ఇల్లు పాడుపడును. ఇందులో ఒకదాని మాట మఱియొకదానికి జెల్లదు. ఇనుము కుళ్లినదన్నను, గ్రుడ్డు చివికినదన్నను ఇంటిలోని ముదుసలి నవ్వును. మన పూర్వులు చెడిన వస్తువును ముక్కుతోను వ్రేళ్లతోను బరీక్షించి పేరు పెట్టిరి. సంస్కృతమునుండి వచ్చిన ‘క్షయము’ ఇట్టిది కాదు. అందు వాసన లేదు, రంగు లేదు. వెన్నెల క్షయించును, ధనము క్షయించును, పుణ్యము క్షయించును, ఱాయి క్షయించును, దేహము క్షయించును. తఱుగుట యను నొక్క భావమే యన్నిటికిని జెల్లుచున్నది. అందుచేతనే శాస్త్రములు ఈ మాటను బట్టుకొన్నవి. అందుచేతనే మన పిల్లవానికి జిక్కు వచ్చినది.

సంస్కృతధాతుపాఠమున ‘క్షి’ యనునది యొక్కటి గాదు. భ్వాదిగణములోని ‘క్షి’కి తఱుగుట యర్థము. తుదాదిగణములోని ‘క్షి’కి నివసించుట, పోవుట యర్థములు. మొదటిదానినుండి క్షయము, క్షీణము, క్షీణించుట మొదలగునవి వచ్చినవి. రెండవదానినుండి క్షేత్రమును, భూమికి బేరైన క్షితియు వచ్చినవి. విచిత్ర మేమనగా, ఈ రెండవదానినుండియు ‘క్షయము’ అను మాటయే పుట్టినది. దాని యర్థము ఇల్లు. తరగతిలో నీ మాట చెప్పగా పిల్లలు నమ్మలేదు. గ్రంథాలయమునుండి నిఘంటువు తెప్పించి చూచిన గాని యూరకుండలేదు. అమరసింహుడు నానార్థవర్గమున క్షయశబ్దమునకు నిలయము, తఱుగుదల యను రెండర్థములను జెప్పియున్నాడు. అంతకు నెన్నో శతాబ్దములకు ముందే పాణిని అష్టాధ్యాయి యాఱవ యధ్యాయమున, ఇల్లను నర్థమందు క్షయశబ్దపు మొదటి యచ్చు ఉదాత్తమగునని ప్రత్యేకముగా నొక సూత్రము చేసెను. అనగా నాటివారు చెవితోనే రెంటిని వేఱుపఱచుకొనుచుండిరి. స్వరము పోయిన తరువాత మనకు రెండును ఒక్కటిగా వినబడుచున్నవి.

ఇవి మొదట వేఱువేఱు మాటలే యనుటకు గ్రీకుభాష సాక్ష్యము. సంస్కృతమును గ్రీకును ఒక తల్లి బిడ్డలు. ఆ మూలభాషలో వేఱుగా నుండిన రెండు హల్లుల కూడికలు సంస్కృతమున ‘క్ష’గా గలిసిపోయినవి, గ్రీకులో గలియలేదు. నివసించు ‘క్షి’కి చెల్లెలగు గ్రీకుమాట ‘క్త’తో మొదలగును, ‘క్తీజో’ యనగా ఊరు నెలకొల్పుట. తఱుగు ‘క్షి’కి చెల్లెలు ‘ఫ్థ’తో మొదలగును, దానినుండి వచ్చినది ‘ఫ్థిసిస్’. మనవారు క్షయ యని పిలిచిన రోగమునే గ్రీకువైద్యులు ఫ్థిసిస్ అని పిలిచిరి. సముద్రముల కీవలను నావలను ఒకే మూలపు మాట ఒకే రోగమునకు బేరైనది.

ఇక్కడ పిల్లలకొక హెచ్చరిక. ‘క్ష’ కనబడినచోట నెల్ల నీ ధాతువును వెదకరాదు. అక్షరమునకు మూలము ‘క్షర’ ధాతువు. జాఱిపోనిది, కరగిపోనిది యక్షరము. పెండ్లిలో జల్లు అక్షతలకు మూలము ఇంకొకటి. విఱుగని బియ్యము గనుక అక్షతలు. వానినే మనవారు అక్షింతలు చేసికొనిరి. పరీక్షలో నీ మూటిని గలగాపులగము చేసినవారికి మేము ప్రతి సంవత్సరమును మార్కులు తగ్గించుచునే యున్నాము. అదియు నొక క్షయమే.

పంచాంగమున ఈ మాటకు భయపడువారు లేరు. సూర్యచంద్రుల నడుమ పండ్రెండు డిగ్రీల యెడము పెరుగుటకు బట్టు కాలము తిథి. చంద్రుని నడక ఒకప్పుడు వడి, ఒకప్పుడు మెల్లన. అందుచేత తిథి యఱువది గడియలకు అయిదు గడియలవఱకు బెరుగవచ్చుననియు, ఆఱు గడియలవఱకు దఱుగవచ్చుననియు పంచాంగకర్తల లెక్క. ఒక సూర్యోదయమైన పిదప మొదలై, మఱుసటి సూర్యోదయమునకు ముందే ముగియు తిథికి క్షయతిథి యని పేరు. అట్లే యొక చాంద్రమాసములో రెండు సంక్రాంతులు పడినచో నది క్షయమాసము. 1963-64లోను 1982-83లోను అట్టివి వచ్చినవి. తిథి క్షయమైనదని గుండె బాదుకొన్నవారిని మేము చూడలేదు.

సంవత్సరము పేరునకు వచ్చునప్పటికి మనసు మాఱినది. ప్రభవతో మొదలగు అఱువది సంవత్సరములలో గడపటిది క్షయ. చక్రము ముగియుచున్నది గనుక పేరు తగినదే. కాని తెలుగువారిలో బలువురు దానికి ముందొక ‘అ’ చేర్చి ‘అక్షయ’ యని వ్రాయుదురు. పండుగనాడు అమంగళము పలుకనేల యనుకొనిరి కాబోలు. ఆ సంవత్సరము 1926-27లో వచ్చినది, 1986-87లో మఱల వచ్చినది, 2046 ఉగాదికి మఱల రానున్నది. ఒక్క యక్షరముతో మాట తలక్రిందయ్యెను గాని సంవత్సరమున నొక దినమైనను హెచ్చలేదు.

ఈ వెఱపునకు మూలము రోగమే. చంద్రుడు దక్షుని యిరువదియేడుగురు కూతుండ్రను బెండ్లాడి రోహిణియందే మక్కువ జూపగా, మామ కోపించి క్షయరోగము పట్టునట్లు శపించెననియు, పిదప గరుణించి తఱుగుటయు బెరుగుటయు నిచ్చెననియు పురాణకథ. చంద్రుడు రాజు గనుక రాజును బట్టిన రోగము రాజయక్ష్మమైనది. చరకసంహిత చికిత్సాస్థానమున దీనికి ప్రత్యేకముగా నొక యధ్యాయము కలదు. ఇతరభాషలవారును రోగకారణమును గాక, రోగి తఱుగుదలనే చూచి పేరు పెట్టిరి. అరవమువారు ఎలుంబురుక్కి యనిరి. ఎముకలను గరగించునది యని దాని యర్థము. ఉర్దూవారు దిక్ అందురు; అది సన్నము అను నర్థము గల అరబ్బీమాట. ఇంగ్లీషువారు కన్‌సంప్షన్ అనిరి, అనగా దినివేయుట. రోగ మెందువలన వచ్చెనో యీ పేరులలో నొక్కటియు జెప్పదు. కారణము తెలియని కాలమున కంటికి గనబడినదానినే చెప్పిరి. అందు దప్పు లేదు.

ఇక పిల్లవాని ప్రశ్నకు వత్తము. మన గాజులరామారమున ఇండ్ల నడుమ నింకను మిగిలియున్న గుండ్లను జూడుడు. ఈ గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున కరిగిన పదార్థము చల్లారి గట్టిపడగా నేర్పడిన ఱాయి. పైనున్న నేల పోయి బయటపడిన పిదప, పగుళ్లవెంట నీరు దిగి, మూలలను దిని, ఉల్లిపొరలవలె పొర తరువాత పొర నూడ్చి దానిని గుండ్రన చేసినది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును గలుపుకొన్న వాననీటికి ఫెల్డ్‌స్పారు అను ఖనిజము లోబడి బంకమన్నగును. పలుగుఱాయి లోబడదు, పలుకులు పలుకులుగా రాలి యిసుకయగును. ఇవి గలిసిన మొరమునే మనవారు బండ్లకొలది తెచ్చి ఇండ్ల పునాదులలోను బాటలమీదను బోయుచున్నారు. ఉన్నచోటనే ఱాయి యిట్లు వదులగుటకు శిథిలీకరణమని శాస్త్రజ్ఞు లిడిన పేరు. శిథిలమనగా మొదట వదులైనదని యర్థము. కూలినదను నర్థము తరువాత వచ్చినది. వదులైనదానిని నీరో గాలియో యెత్తుకొనిపోవుట క్రమక్షయము. పెద్దవాన పడినపుడు మన వీథులవెంట పల్లమునకు బాఱు నెఱ్ఱనీరు కంటికి గనబడు క్రమక్షయమే. విద్యార్థులు ఈ రెండు మాటలను ఒకదానికి బదులు మఱియొకటి వాడుచుందురు, వాడరాదు.

కావున మాట యొక్కటే గాని, ఱాయికి వచ్చిన క్షయమునకును నీ తండ్రికి వచ్చిన క్షయకును చుట్టఱికము లేదు, అది నీటిచేత, ఇది క్రిమిచేత, అని చెప్పి ముగింతమనుకొంటిమి. చెప్పితిమి గూడ. అప్పుడు పిల్లవాడు తన తండ్రి కంకర మిషనులో బనిచేయునని చెప్పెను. మేము చెప్పినదానిని అక్కడికక్కడే సవరించుకొనవలసి వచ్చెను. గ్రానైటును నలుగగొట్టునపుడు పలుగుఱాయి కంటికి గనబడనంత సన్నని దుమ్మై లేచును. అది యేండ్లతరబడి పీల్చినవారి ఊపిరితిత్తులలో దిగి, కరగక నిలిచి, మచ్చలు కట్టించును. దీనికి సిలికోసిస్ అని పేరు. అట్టి ఊపిరితిత్తులలో క్షయక్రిమి సులువుగా నెలకొనును. నీరు యుగములు పట్టి మెల్లగా జేయు పనిని మిషను రెప్పపాటులో జేయగా, నేలకు బోవలసిన పలుగుఱాతిపొడి మనుష్యుని ఱొమ్ములోనికి బోవుచున్నది. చుట్టఱికము కలదు. పిల్లవాడే మాకంటె దగ్గఱగా జూచినాడు.

క్రిమిని గనిపెట్టి బెర్లిను నగరమున లోకమునకు దెలిపినవాడు రాబర్టు కోఖ్; ఆ దినము 1882 మార్చి 24. శత్రు వెవ్వడో తెలిసెను గాని చాలకాలము మందు దొరకలేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి – ఇంతే చికిత్స. అందులకై ఊరికి దూరముగా శానిటోరియములు కట్టిరి. తెలుగువారి సీమలో బేరుపొందినది మదనపల్లె సమీపమున 1912లో బలు మిషనులు గలిసి నెలకొల్పినది. డెన్మార్కు దేశీయుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ దానికి మూలపురుషుడు. ఆ చోటికి ఆరోగ్యవరమని పేరు. సంవత్సరమునకు ‘అ’ చేర్చినవారికంటె వీరు చక్కని పేరు పెట్టిరని మా యభిప్రాయము. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాలు మొట్టమొదట వేసిన చోట్లలో మదనపల్లె యొకటి.

అయినను శానిటోరియములో జోటు దొరకువారు కొందఱే. దొరకినవారును నెలలకొలది, ఒక్కొక్కప్పుడు సంవత్సరములకొలది, ఇల్లు విడిచి యుండవలెను. తల్లి యచ్చట, చంటిబిడ్డ యిచ్చట. రోగమువలని బాధకు దోడు ఈ యెడబాటు.

1943లో అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ గారి ప్రయోగశాలలో ఆల్బర్టు షాట్జ్ అను శిష్యుడు మట్టిలోని యొక సూక్ష్మజీవినుండి స్ట్రెప్టోమైసిన్ అను మందు దీసెను. ఆ జాతి సూక్ష్మజీవులు రాలిన యాకును జచ్చిన వేరును కుళ్లజేసి మన్ను చేయునవి. తొలకరి చినుకు పడగానే లేచు మట్టివాసన చాలవఱకు వానివలననే కలుగుచున్నది. కుళ్లజేయువాని యొద్దనే క్షయకు మందు దొరకెను. తరువాత కొలది యేండ్లలోనే పి.ఏ.ఎస్., ఐసోనయజిడ్ అను మందులును వచ్చినవి. ఇవి మ్రింగు మందులు. మ్రింగు మందునకు శానిటోరియ మేల యను ప్రశ్న పుట్టినది.

ఆ ప్రశ్నకు జవాబు మన ప్రక్కనున్న మదరాసులోనే దొరకెను. 1956లో అచ్చట నొక క్షయచికిత్సా కేంద్రము నెలకొల్పి, 193 మంది రోగులను చీట్లు వేసినట్లుగా రెండు పాళ్లు చేసిరి. ఒక పాలివారిని శానిటోరియమునకు బంపిరి. మఱియొక పాలివారిని ఇంటనే యుంచిరి. ఇరువురకును ఒకే మందులు ఒక సంవత్సర మిచ్చిరి. ఇంటనున్నవారు బీదలు, గదులిఱుకు, తిండి తక్కువ, ఇంటిపని తప్పదు. శానిటోరియములో పాలు, గ్రుడ్లు, విశ్రాంతి. 1959లో ఫలితములు ప్రకటింపగా, ఇంటనున్నవారును ఇంచుమించు శానిటోరియమువారివలెనే కోలుకొనిరని తేలెను. రోగి యింటనున్నందువలన కుటుంబములోనివారికి రోగ మంటుటయు హెచ్చలేదు. లోకమున శానిటోరియములు ఒకటొకటిగా మూతపడుటకు ఈ పరిశోధన యొక ముఖ్యకారణము. క్షయమునకు ఇల్లను నర్థము చెప్పినప్పుడెల్ల మాకు మదరాసు బీదల యిండ్లు గుఱుతునకు వచ్చుచుండును. పాణిని స్వరముచేత వేఱు చేసిన రెండు మాటలును ఆ యిఱుకుగదులలో ఒకచోట జేరినవి.

ఇప్పుడు సర్కారు దవాఖానలలో మందులు ఉచితము. సాధారణమైన క్షయకు ఆఱు నెలలు వాడవలెను. తగిన మందు సరిగా మ్రింగుచున్న రోగి కొలది వారములలోనే చాలవఱకు ఇతరుల కంటింపనివాడగును. దగ్గు తుంపరలవలన గాలిలో నంటును గాని, ముట్టుకొన్నందువలన నంటదు; ఒక కంచమున దిన్నందువలన నంటదు. ఆ పిల్లవానికిని బరీక్ష చేయించియే యుండిరి. వానికి రోగము లేదు. కావున ఆ దినము బల్లమీద జరిగిన యిద్దఱును ఊరక జరిగిరి.

ఇంత మందుండియు, 2023లో ప్రపంచమున గొత్తగా క్షయ సోకినవారిలో నాలుగవవంతునకు బైగా మన దేశమువారే. బీదఱికము, ఇఱుకిండ్లు, తిండి చాలమి, దుమ్ము – కారణములు పెక్కు గలవు. ఒక మాసపత్రములో దీఱునవి గావు. మా పనికి సంబంధించిన కారణ మొక్కటి కలదు. రెండు నెలలు మందు మ్రింగగానే దగ్గు తగ్గును, ఆకలి పుట్టును. అప్పుడే పలువురు మానివేయుదురు. మానినచో మిగిలిన క్రిమి మందునకు లొంగనిదై తిరుగబడవచ్చును. పేరు చెప్పుకొన్నవానిని, “మందు మ్రింగితివా?” యని యడుగుటకు నలుగురుందురు. జ్వరమని, నెమ్మని, దగ్గని పేరు మార్చుకొన్నవాని నెవ్వ రడుగుదురు? ఆ తండ్రియు మొదట నొకమాఱు అట్లే మానెనట. మందుల సంచిని పొరుగువారు చూతురని చద్దిగిన్నె క్రింద దాచి తెచ్చుకొనుచుండెనట. రెండవమాఱు మొదలుపెట్టిన చికిత్స నడుచుచుండగనే పిల్లవాడు తరగతిలో ఆ ప్రశ్న యడిగెను.

సంక్రాంతి సెలవులు ముగిసిన తరువాత పిల్లవాడు మఱల నొకనాడు బడికి రాలేదు. మఱునాడు సెలవుచీటి తెచ్చెను. అది వాని చేతివ్రాతయే. క్రింద తండ్రి సంతకము. ‘మా నాయినకు క్షయ మందు అయిపోయింది, చివరి పరీక్షకు దవాఖానకు పోయినాము’ అని యుండెను. ‘క్ష’కు బదులు ‘క్స’ వ్రాసియుండెను. దిద్ది యిచ్చితిమి.